సేఫ్ సీటులో ఉన్నవాళ్లం మిడ్‌టర్మ్‌లో ఓటేస్తే ఏమన్నా మారుతుందా?

ప్రశ్న – కాలిన్ కౌంటీ కొత్త ఓటరు

అందరికీ నమస్కారం. పోయిన ఏడాదే సిటిజన్‌షిప్ వచ్చింది, ఈ 2026 నవంబర్ 3న జరిగే మిడ్‌టర్మ్ (అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో వచ్చే కాంగ్రెస్ ఎన్నిక) నాకు మొదటి ఎన్నిక. మేముండేది డాలస్‌కి ఉత్తరాన కాలిన్ కౌంటీలో. ఈ ఓటు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశాను కాబట్టి ఉత్సాహం బాగానే ఉంది గానీ, కూర్చుని లెక్కలు చూస్తుంటే నీరుగారిపోతోంది.

కాంగ్రెస్ దిగువ సభ అయిన హౌస్‌లో టెక్సస్‌కి 38 సీట్లు. 2024లో 25 రిపబ్లికన్లకి, 13 డెమొక్రాట్లకి వచ్చాయి. అది చాలదన్నట్టు 2025 ఆగస్టులో నియోజకవర్గాల పటం మళ్లీ గీశారు. కొత్తగా జనాభా లెక్కలు జరిగాయా అంటే లేదు, కోర్టు ఏమన్నా గీయమందా అంటే అదీ లేదు, రిపబ్లికన్లకి ఇంకో 5 సీట్లు రావాలన్నదే ఉద్దేశం, ఆ మాట పెద్దగా దాచుకోలేదు కూడా. కోరం (సభ నడవడానికి కావాల్సిన కనీస హాజరు) లేకుండా చేద్దామని డెమొక్రాట్ సభ్యులు రాష్ట్రం వదిలి వెళ్లిపోయినా ఆగలేదు. నవంబర్‌లో ఎల్ పాసోలో ముగ్గురు జడ్జీల బెంచి ఆపితే, డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఈ ఎన్నికకి ఆ పటమే వాడుకోండి అంది. దీనికి జవాబుగా కాలిఫోర్నియా వాళ్లు ప్రాపొజిషన్ 50 అని జనం ఓటుకి పెట్టి గెలిపించుకుని డెమొక్రాట్లకి 5 సీట్లు వచ్చేలా గీసుకున్నారు. మిస్సోరి, నార్త్ కరొలైనా, ఒహాయో కూడా పటాలు మార్చాయి. ఓటర్లు నాయకుల్ని ఎన్నుకోవడం పోయి నాయకులే ఓటర్లని ఏరుకుంటున్నారని ఎప్పటినుంచో వింటున్నదే, ఇప్పుడు కళ్లెదురుగా జరుగుతుంటే బాధగా ఉంది.

ఇక మా ఫ్రెండ్స్ సంగతి. ఒకాయనేమో మన ఏరియా ఒక పార్టీకి కంచుకోట, నవంబర్‌లో లైన్లో నిలబడటం టైం వేస్ట్ అంటాడు. ఇంకొకాయన అసలు కాంగ్రెస్ ఎందుకు, 2025 సెప్టెంబర్‌లో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టినప్పుడు కాంగ్రెస్‌ని ఎవరన్నా అడిగారా, ఒక్క సంతకంతో అయిపోలేదా అంటాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. నిజంగా నా ఓటుకి విలువ ఎక్కడుంది? ప్రైమరీ అంటారు, అందులో నాలాంటివాడు వేయొచ్చా, ఏ పార్టీలోనూ చేరలేదు కదా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.


జవాబు – షార్లెట్ నుంచి

మీరు నవంబర్ గురించే ఆలోచిస్తున్నారు. మీ దగ్గర అసలు పోటీ మార్చి 3న ప్రైమరీలో జరుగుతుంది. ఒక పార్టీకి కంచుకోట అయిన చోట ఆ పార్టీ టికెట్ ఎవరికి దక్కితే వాళ్లే నెగ్గుతారు, ఆ టికెట్ ఇచ్చేది ఏ పార్టీ ఆఫీసూ కాదు, ప్రైమరీలో ఓటేసే జనం. ఆ జనం ఎంత తక్కువమందో తెలిస్తే ఆశ్చర్యపోతారు.

2018 జూన్‌లో న్యూయార్క్ 14వ నియోజకవర్గంలో జో క్రౌలీ ఓడిపోయారు. హౌస్ డెమొక్రాట్లలో నాలుగో స్థానంలో ఉన్న నాయకుడాయన, 1999 నుంచి సభలో ఉన్నారు. ఆయన్ని ఓడించిన అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్‌కి వచ్చినవి సుమారు 17 వేల ఓట్లు. ఒక్కో నియోజకవర్గంలో ఏడు లక్షల పైచిలుకు జనం ఉంటారు, 2020 లెక్కల ప్రకారం సగటున 7,61,169 మంది. అంతమందికి ఎవరు ప్రతినిధో 17 వేలమంది తేల్చేశారు. నవంబర్ ఎన్నిక నామమాత్రం అయిపోయింది.

మనవాళ్లకి ఇంకా దగ్గరి ఉదాహరణ ఒకటుంది, దీన్ని ఎంతమంది గుర్తుపెట్టుకున్నారో తెలీదు గానీ నేను మాత్రం ప్రతి ఎన్నికకీ అందరికీ చెబుతాను. 2013 జూన్‌లో సెనేట్ 68–32తో ఒక పెద్ద ఇమిగ్రేషన్ బిల్లు పాస్ చేసింది. ఉద్యోగాల గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అనే పరిమితిని ఎత్తేయడం కూడా అందులో ఉంది. అది హౌస్‌కి వచ్చి కూర్చుంది. 2014 జూన్‌లో వర్జీనియా 7వ నియోజకవర్గం రిపబ్లికన్ ప్రైమరీలో హౌస్ మెజారిటీ లీడర్ ఎరిక్ కాంటర్ ఓడిపోయారు, డేవ్ బ్రాట్ అనే కాలేజీ ప్రొఫెసర్ చేతిలో. బ్రాట్ ప్రచారమంతా కాంటర్ ఇమిగ్రేషన్ విషయంలో మెతకగా ఉన్నాడనే. ఆ ప్రైమరీలో ఓటేసినవాళ్లు మొత్తం సుమారు 65 వేలమంది. మెజారిటీ లీడరే ప్రైమరీలో పోతే ఇంకెవరు ఆ బిల్లు ముట్టుకుంటారు? హౌస్‌లో ఓటింగ్‌కే రాలేదు. రిచ్‌మండ్ శివార్లలో ఆ రోజు ఓటేసినవాళ్ల తీర్పుకి దేశమంతా గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న మన కుటుంబాల బతుకులు ఏళ్లకేళ్లు ముడిపడిపోయాయి. అందుకే ప్రైమరీ వదులుకోవద్దని ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ రాష్ట్రంలో ఒక సౌలభ్యం ఉంది. టెక్సస్‌లో ఓటరు రిజిస్ట్రేషన్‌లో పార్టీ అన్న మాటే ఉండదు. ప్రైమరీ రోజున వెళ్లి రిపబ్లికన్ బ్యాలెట్ కావాలో డెమొక్రాట్ బ్యాలెట్ కావాలో అక్కడే చెబుతారు, ఏదో ఒకటే. న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడాల్లో ఆ అవకాశం లేదు, ముందే ఆ పార్టీ కింద నమోదై ఉండాలి.

పటాల బాధ మాకూ తెలుసు. నార్త్ కరొలైనాలో 2022లో కోర్టు గీయించిన పటంతో ఎన్నిక జరిగితే 14 సీట్లు ఏడూ ఏడుగా వచ్చాయి. తర్వాత అసెంబ్లీ తనే గీసింది, 2024లో 10–4. అదే రోజు మా రాష్ట్రం అధ్యక్షుడిగా ట్రంప్‌కి ఓటేసి గవర్నర్‌గా డెమొక్రాట్‌ని గెలిపించింది, అంటే మేం అంత చెరిసగంగా ఉన్నవాళ్లం. 2019లో సుప్రీంకోర్టు రూచో కేసులో 5–4తో చెప్పేసింది, పార్టీ లాభం కోసం పటం గీస్తే ఫెడరల్ కోర్టులు చేయగలిగిందేమీ లేదని. ఆ కేసు మా రాష్ట్రానిదే, మేరీలాండ్‌లో డెమొక్రాట్లు గీసిన పటం కూడా అందులో కలిపే విన్నారు. ఇది ఒక్క పార్టీ పాపం కాదు, ఇల్లినాయ్‌లో 17కి 14 డెమొక్రాట్లవే, ఆ పటం చూడండి, పాములా మెలికలు తిరిగి ఉంటుంది.


జవాబు – న్యూజెర్సీ నుంచి

షార్లెట్ గారితో సగం ఏకీభవిస్తాను. ప్రైమరీ ముఖ్యమన్నది నిజం. కానీ అన్నిటికీ పటమే కారణం అనడం నేను ఒప్పుకోను.

సెనేట్ చూడండి. రాష్ట్రాల సరిహద్దులు ఎవరూ తిరగరాయలేరు కదా. అయినా అక్కడా ఇదే తంతు. 2024లో కమలా హారిస్ గెలిచిన రాష్ట్రాలన్నిటిలో రిపబ్లికన్ సెనేటర్ ఒక్కరే మిగిలారు, మెయిన్ రాష్ట్రంలో సూసన్ కాలిన్స్. ట్రంప్ గెలిచిన రాష్ట్రాల్లో డెమొక్రాట్ సెనేటర్లు 10 మంది, వాళ్లంతా అరిజోనా, జార్జియా, మిషిగన్, నెవాడా, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ లాంటి హోరాహోరీ రాష్ట్రాల వాళ్లే. ఒకప్పుడు అధ్యక్షుడికి ఒక పార్టీ, సెనేటర్‌కి ఇంకో పార్టీ అని ఓటేసేవాళ్లు బోలెడుమంది ఉండేవారు. ఆ అలవాటే పోయింది. పైగా జనం కూడా నగరాల్లో ఒక రకం వాళ్లు, ఊళ్లల్లో ఒక రకం వాళ్లు పోగుపడిపోయారు. మసాచుసెట్స్‌లో మూడోవంతుకి పైగా ట్రంప్‌కి ఓటేశారు, అయినా 9 సీట్లలో ఒక్కటి కూడా రిపబ్లికన్లకి లేదు. అక్కడ ఆ ఓటర్లు రాష్ట్రమంతా సమానంగా చెదిరిపోయి ఉండటమే దీనికి పెద్ద కారణం. పటం ఆ పరిస్థితిని ఇంకా చెడగొడుతుంది, అంతవరకు ఒప్పుకుంటా.

అందుకని టెక్సస్ మిత్రుడికి నేను చెప్పేదేంటంటే, మీ హౌస్ సీటు ఒక్కటే చూసి దిగులుపడకండి. ఈసారి మీకు సెనేట్ సీటు ఉంది. 2002లో గెలిచినప్పటినుంచి జాన్ కార్నిన్ దగ్గరే ఉన్న సీటది, ఆయన సొంత పార్టీ ప్రైమరీలోనే రాష్ట్ర అటార్నీ జనరల్ కెన్ పాక్స్టన్ ఆయన మీద పోటీకి దిగారు. డెమొక్రాట్ల వైపు జాస్మిన్ క్రాకెట్, జేమ్స్ టలరికో. రాష్ట్రమంతా ఒకటే నియోజకవర్గం, ఇందులో గీతలు గీసి మీ ఓటుని ఎవరూ పక్కకి తోయలేరు. గవర్నర్ ఎన్నిక కూడా అంతే.

ఇంకో మాట. ప్రైమరీలో మనకి ఇష్టంలేని పార్టీ బ్యాలెట్ తీసుకుని, వాళ్లలో బలహీనుణ్ని గెలిపిద్దాం అనే ఎత్తుగడలు కొంతమంది చెబుతుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఎవరు గెలిస్తే నాకు పర్వాలేదు అనిపిస్తుందో వాళ్లకే ఓటేయండి. కంచుకోటలో ఉన్నాం కాబట్టి ఆ పార్టీ ప్రైమరీలోనే వేస్తాను, ఉన్నవాళ్లలో మంచివాణ్ని ఎంచుకుంటాను అంటే అది న్యాయమే, దాంట్లో తప్పేం లేదు.

ఇక మీ ఫ్రెండ్ లక్ష డాలర్ల ఫీజు ప్రశ్న. కాంగ్రెస్‌ని అడగలేదన్నది నిజమే. కానీ అధ్యక్షుడు ఏ అధికారంతో సంతకం పెట్టారు? 1952 నాటి ఇమిగ్రేషన్ చట్టంలో 212(ఎఫ్) సెక్షన్‌తో. విదేశీయుల రాకని ఆపే అధికారం అధ్యక్షుడికి రాసిచ్చింది కాంగ్రెసే. రాసిచ్చినవాళ్లు కావాలంటే కత్తిరించగలరు, హద్దులు పెట్టగలరు. పెట్టకపోవడం వాళ్ల ఎంపిక, దానికి వాళ్లనే నిలదీయాలి. అలాగే ఏడాదికి 65 వేల హెచ్-1బిలు, 1,40,000 ఉద్యోగ గ్రీన్‌కార్డులు, దేశానికి 7 శాతం, ఇవన్నీ 1990లో కాంగ్రెస్ పెట్టిన లెక్కలు. మనం ఇక్కడికి రాకముందు పెట్టిన అంకెలతో ఇప్పటికీ మన పిల్లలు 21 ఏళ్లు నిండి మన వీసా మీద ఉండే అర్హత పోతే ఏమైపోతారో అని నిద్రపట్టక ఉన్నాం.

మార్చడానికి ప్రయత్నం జరగలేదా అంటే జరిగింది. 2019 జూలైలో హౌస్ 365–65తో దేశాల పరిమితి ఎత్తేసే బిల్లు పాస్ చేసింది. ఇంత విరోధాలున్న కాలంలో 365 ఓట్లు! తర్వాత సెనేట్‌కి వెళ్లి ఒక్క సెనేటర్ అడ్డుచెబితే ఆగిపోయే పద్ధతిలో నెలల తరబడి నలిగింది. చివరికి 2020 డిసెంబర్‌లో సెనేట్ కూడా పాస్ చేసింది, కాకపోతే మార్పులతో. రెండు సభల బిల్లులూ ఒకటి కాకుండానే జనవరి 3న ఆ కాంగ్రెస్ గడువు ముగిసిపోయింది, బిల్లు చచ్చిపోయింది. కొత్త కాంగ్రెస్‌లో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. 2022 డిసెంబర్‌లో ఈగిల్ యాక్ట్ పేరుతో హౌస్ ఫ్లోర్ దాకా వచ్చి, ఓట్లు చాలవేమోనని వెనక్కి తీసుకున్నారు. కాంగ్రెస్ ఎందుకు అనేవాళ్లకి ఇది చూపించండి. రెండు సభల మధ్య కొన్ని వారాల టైం దొరక్క లక్షలమంది ఆగిపోయారు.

ఆ మధ్య ఖర్చుల బిల్లు పాస్ కాక గవర్నమెంట్ పనులు ఆగిపోయే షట్‌డౌన్ 43 రోజులు నడిచింది, 2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా, అప్పటికి చరిత్రలో అదే అన్నిటికన్నా పొడుగు. సెనేట్‌లో రిపబ్లికన్లు 53 మంది ఉన్నా 60 ఓట్లు కావాలి కాబట్టి బిల్లు ఆగింది. జీతాల్లేకుండా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు పనిచేశారు. అది కాంగ్రెస్ మహిమే కదా, మంచికో చెడుకో.


జవాబు – బక్స్ కౌంటీ, పెన్సిల్వేనియా

నేను దీనికి పూర్తి వ్యతిరేకమైన చోట ఉంటాను, కాబట్టి తేడా చెప్పగలను. మాది ఫిలడెల్ఫియా పక్కన. 2024లో మా నియోజకవర్గం అధ్యక్ష ఎన్నికలో స్వల్ప తేడాతో హారిస్‌కి ఓటేసి, హౌస్‌కి మాత్రం రిపబ్లికన్ బ్రయాన్ ఫిట్జ్‌పాట్రిక్‌నే పంపింది. దేశం మొత్తం మీద హారిస్ గెలిచిన చోట రిపబ్లికన్ ఉన్న సీట్లు 3, ట్రంప్ గెలిచిన చోట డెమొక్రాట్ ఉన్నవి 13. మొత్తం 435లో 16! ఒకసారి ఆలోచించండి.

ఈ కొద్దిమంది వల్ల ఏం జరుగుతుందో చెబుతాను. 2025 డిసెంబర్‌లో హెల్త్ ఇన్సూరెన్స్ సబ్సిడీల గడువు అయిపోతుంటే వాటిని పొడిగించే బిల్లుని హౌస్ స్పీకర్ ఓటింగ్‌కి పెట్టలేదు. అలాంటప్పుడు డిశ్చార్జ్ పిటిషన్ అని ఒకటుంటుంది, 218 మంది సంతకం పెడితే స్పీకర్‌కి ఇష్టమున్నా లేకపోయినా బిల్లు ఫ్లోర్ మీదికి రావాల్సిందే. డెమొక్రాట్లందరూ పెట్టినా నలుగురు తక్కువ. ఆ నాలుగు సంతకాలు పెట్టిన రిపబ్లికన్లు ముగ్గురు పెన్సిల్వేనియా వాళ్లు, ఒకరు న్యూయార్క్ ఆయన. నలుగురూ టైట్ సీట్లలో ఉన్నవాళ్లే. కంచుకోట వాళ్లు ఒక్కరు కూడా కదల్లేదు, ఎందుకు కదులుతారు, వాళ్ల భయమంతా ప్రైమరీలో ఇంకా గట్టివాడు పోటీకొస్తాడనే. మా దగ్గరి వాళ్లకి నవంబర్ భయం. ఆ భయం మాకు ఎంత మేలు చేస్తుందో బయటివాళ్లకి తెలీదు. అందుకే పటాలు మార్చి టైట్ సీట్లు తగ్గించేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది, ఏ పార్టీ చేసినా సరే.

చాలా రాష్ట్రాల్లో పటాలు గీసేది రాష్ట్ర అసెంబ్లీ. మనవాళ్లు పట్టించుకోనిది సరిగ్గా అదే. 2025 డిసెంబర్ 11న ఇండియానాలో ఏమైందో చూశారా? స్టేట్ సెనేట్‌లో 50కి 40 మంది రిపబ్లికన్లే, అధ్యక్షుడు నెలల తరబడి ఒత్తిడి పెట్టారు, 9కి 9 సీట్లు వచ్చేలా పటం సిద్ధం చేశారు. 31–19తో కొట్టేశారు, అందులో 21 మంది రిపబ్లికన్లు తమ పార్టీ పటాన్నే వద్దన్నారు. పేర్లు కూడా దేశానికి తెలియని స్టేట్ సెనేటర్లు వాళ్లు. ఎవరన్నా వాళ్ల ప్రైమరీలో శ్రద్ధగా ఓటేసి మంచివాళ్లని పంపబట్టే కదా.

ఒక్క ఓటు అంటారా, వర్జీనియాలో 2017 స్టేట్ హౌస్ ఎన్నిక గురించి చెప్పాలి. న్యూపోర్ట్ న్యూస్ దగ్గర 94వ సీటు. రీకౌంట్‌లో డెమొక్రాట్ షెల్లీ సైమండ్స్ ఒక్క ఓటుతో గెలిచారు. మర్నాడు కోర్టు పక్కన పెట్టిన ఒక బ్యాలెట్ తీసి చూసి అది రిపబ్లికన్ డేవిడ్ యాన్సీకి పడినట్టే అంది. ఇద్దరికీ 11,608 చొప్పున సమానం. 2018 జనవరి 4న ఇద్దరి పేర్లూ కాగితాల మీద రాసి, చిన్న ఫిల్మ్ డబ్బాల్లో పెట్టి, పింగాణీ గిన్నెలో వేసి ఒకటి తీశారు. యాన్సీ పేరు వచ్చింది. సభ 51–49తో రిపబ్లికన్ల చేతిలో ఉండిపోయింది, అటు పడితే చెరిసగం అయ్యేది. ఆ రోజు ఇంట్లో కూర్చున్న ఇద్దరు ముగ్గురు ఓటేసి ఉంటే రాష్ట్రం లెక్కే వేరుగా ఉండేది. హౌస్‌లోనూ ఇలాంటివి ఉన్నాయి, 2020లో అయోవా 2వ సీటు 6 ఓట్ల తేడాతో తేలింది, 2024లో కాలిఫోర్నియా 13వ సీటు 187 ఓట్లతో.

సిటిజన్స్ కానివాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి వాళ్లకో మాట. గ్రీన్‌కార్డు ఉన్నా సరే, ఫెడరల్ ఎన్నికల్లో ఓటేయడం గానీ, సిటిజన్ అని చెప్పుకుని రిజిస్టర్ కావడం గానీ నేరం, దేశం నుంచి పంపించేస్తారు. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఎవరన్నా ఫారం ఇచ్చినా చదవకుండా సంతకం పెట్టకండి. కానీ హౌస్ సభ్యుడు మీకూ ప్రతినిధే. సీట్లు పంచేటప్పుడు లెక్కపెట్టేది ఓటర్లని కాదు, మనుషుల్ని, హెచ్-1బి వాళ్లనీ పిల్లల్నీ అందర్నీ. 2020 జనాభా లెక్కల్లో ఇంకో 89 మంది ఎక్కువ ఉండుంటే న్యూయార్క్‌కి ఒక సీటు పోయేదే కాదు.

ఆఫీసుకి ఫోన్ చేస్తే పేరు కన్నా ముందు జిప్ కోడ్ అడుగుతారు. వాళ్ల నియోజకవర్గం వాళ్లయితే విషయం రాసుకుంటారు, ఏ బిల్లు మీద ఎంతమంది ఫోన్ చేశారో లెక్క పైకి వెళ్తుంది. ఈఏడీ (ఉద్యోగం చేసుకోవడానికిచ్చే అనుమతి కార్డు) ఆలస్యమై ఉద్యోగం పోయే పరిస్థితి వస్తే కేస్‌వర్క్ అని అడగండి, ఒక ప్రైవసీ ఫారం సంతకం పెట్టించుకుని వాళ్లే ఇమిగ్రేషన్ వాళ్లకి ఎంక్వయిరీ పంపుతారు. నేను ఇప్పటికి చాలామంది చేత చేయించాను, అందరికీ కాకపోయినా కొందరికి కదిలింది. ఇది ఏ వీసాలో ఉన్నవాళ్లయినా అడగొచ్చు.


ప్రశ్న వేసినవారు – కాలిన్ కౌంటీ కొత్త ఓటరు

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. కాంటర్ ప్రైమరీకీ మన క్యూకీ సంబంధం నాకు ఇన్నాళ్లూ తెలీదు, చదివాక చాలాసేపు అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. సరే, మార్చి 3న ఓటేస్తున్నాను, ఏ బ్యాలెట్ తీసుకోవాలో ఇంకా తేల్చుకోవాలి. ఇప్పుడు అసలు టెన్షన్ వేరే. నా నేచురలైజేషన్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, డ్రైవింగ్ లైసెన్స్‌లో పేరు రెండు ముక్కలై ఒకటి మిడిల్ నేమ్ అయిపోయింది. పోలింగ్ దగ్గర వెనక్కి పంపేస్తారా? ప్రైమరీలో ఒక పార్టీకి వేస్తే నవంబర్‌లో కూడా ఆ పార్టీకే వేయాలా?


జవాబు – ఎన్నికల క్లర్క్‌గా పనిచేసిన టెక్సస్ తెలుగువాణ్ని

మీ పేరు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు ఆగిపోయేది ఇక్కడే. చెక్-ఇన్ టేబుల్ దగ్గర మీ ఐడీలో పేరు, ఓటరు లిస్టులో పేరు అచ్చంగా ఒకటే ఉండక్కర్లేదు, దగ్గరగా ఉంటే చాలు. ముందువెనకలైనా, మధ్య పేరు ఒక అక్షరమైనా, ఇంటిపేరు విడిపోయినా, అడ్రసూ పుట్టినతేదీ కలిసి మనిషి మీరేనని తెలిస్తే ఇద్దరూ ఒకరేనని చెప్పే గడిలో పొడి అక్షరాలు వేయించుకుని బ్యాలెట్ ఇస్తారు. నా టేబుల్ దగ్గరికి వచ్చిన మన పెద్దవాళ్లు కొందరు పేరు తేడా చూపించగానే కంగారుపడి వెళ్లిపోబోయారు, కూర్చోబెట్టి ఓటు వేయించాను. ఎవరన్నా కాదంటే ప్రొవిజనల్ బ్యాలెట్ (అర్హత తర్వాత చూసి లెక్కలోకి తీసుకునేది) అడగండి, అది మీ హక్కు, ఓటేయకుండా మాత్రం బయటికి రావద్దు. లైసెన్స్ గడువు అయిపోయినా, మీ వయసు 70 లోపైతే, నాలుగేళ్ల లోపలైతే పనికొస్తుంది. పాస్‌పోర్టు, ఫొటో ఉన్న సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ కూడా చెల్లుతాయి.

ముందు మీరు రిజిస్టర్ అయ్యారా? టెక్సస్‌లో ఆన్‌లైన్‌లో కొత్తగా రిజిస్టర్ చేసే పద్ధతి లేదు, ఫారం నింపి సంతకం పెట్టి పోస్టులో పంపాలి లేదా కౌంటీ ఆఫీసులో ఇవ్వాలి. మార్చి 3 ప్రైమరీకి ఫిబ్రవరి 2 ఆఖరు తేదీ. వెబ్‌సైట్లో అంతా టైప్ చేసి ప్రింట్ తీసి పంపకుండా, రిజిస్టర్ అయిపోయామనుకుని ఇంట్లో ఉండిపోయినవాళ్లని ప్రతిసారీ చూస్తున్నాను. ముందస్తు ఓటింగ్ ఫిబ్రవరి 17 నుంచి 27 దాకా, వీలైతే అప్పుడే వెళ్లండి, ఎక్కడ వేయాలో కౌంటీ ఎన్నికల వెబ్‌సైట్లో ఒకసారి చూసుకుని బయల్దేరండి.

నవంబర్‌లో మీ ఇష్టం, ఎవరికైనా వేయొచ్చు. కట్టుబడి ఉండాల్సింది రనాఫ్‌కి మాత్రమే. ప్రైమరీలో ఎవరికీ 50 శాతం దాటకపోతే మొదటి ఇద్దరికీ మే 26న రనాఫ్. మార్చిలో ఏ పార్టీ బ్యాలెట్ తీసుకున్నారో ఆ పార్టీ రనాఫ్‌లోనే వేయాలి. మార్చిలో అసలు వేయనివాళ్లు ఏదో ఒక రనాఫ్‌లో వేయొచ్చు, ఇది చాలామందికి తెలీదు. రనాఫ్‌కి జనం ఇంకా పలచబడతారు, కాబట్టి ఒక్కో ఓటుకి బలం ఇంకా పెరుగుతుంది.

లోపల ఫోన్ తీయనివ్వరు, వంద అడుగుల లోపల వాడకూడదు. బ్యాలెట్ చాలా పొడుగు. సెనేట్, గవర్నర్, హౌస్ అయ్యాక స్టేట్ హౌస్ సభ్యుడు, జడ్జీలు వరసగా, కౌంటీ పదవులు, చివర పార్టీ ప్రశ్నలు. బక్స్ కౌంటీ గారు చెప్పిన పటాలు గీసే మనుషులు ఆ స్టేట్ హౌస్ వరసలో ఉంటారు, టెక్సస్‌లో 150 సీట్లూ రెండేళ్లకోసారి ఎన్నికకి వస్తాయి. కాబట్టి శాంపిల్ బ్యాలెట్ ముందే చూసుకుని ఎవరికి వేయాలో కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి, కాగితానికి అభ్యంతరం లేదు. నవంబర్‌లో ఒక్క బటన్‌తో మొత్తం ఒకే పార్టీకి వేసే పద్ధతి 2020 నుంచి తీసేశారు, కింద దాకా ఒక్కొక్కటీ నొక్కుకుంటూ వెళ్లాలి. సగంలో ఆపేసి వచ్చేవాళ్లూ ఉంటారు.

మీ ఇంట్లో 16 నిండి, సిటిజన్ అయిన పిల్లలుంటే స్టూడెంట్ క్లర్క్‌గా పనిచేయొచ్చు, మీ అనుమతి, స్కూల్ అనుమతి ఉంటే చాలు, గంటకింతని డబ్బు కూడా ఇస్తారు. మీరూ చేరండి. మన భాష మాట్లాడే మనిషి టేబుల్ దగ్గర ఒకరుంటే ఇండియా నుంచి వచ్చి ఇక్కడ సిటిజన్లైన తాతలు, అమ్మమ్మలు ధైర్యంగా లోపలికి వస్తారు. మార్చికి ట్రైనింగులు ఫిబ్రవరిలోనే జరుగుతాయి, ఈ వారంలోనే కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేసి పేరు ఇవ్వండి.